కేరాఫ్ కంచరపాలెం, మా పిన్ని, పెళ్లిళ్లలో హ్యాండ్‌బ్యాగులు

2018 సెప్టెంబర్‌లో కేరాఫ్ కంచరపాలెం సినిమా రిలీజైనప్పుడు మా రూమ్మేట్ లాక్కెళ్తే వెళ్లా, నాకైతే అస్సలు ఇంట్రెస్ట్ లేదు, పోస్టర్ మీద తెలిసిన మొహం ఒక్కటీ లేదు, రానా ప్రెజెంట్ చేస్తున్నాడంట అన్న ముక్క తప్ప నాకేం తెలీదు. హాల్లో ఏసీ పనిచేయట్లేదు, సగం సీట్లు ఖాళీ. మొదటి అరగంటలో రెండుసార్లు ఫోన్ తీసి టైం చూస్కున్నా కూడా. తీరా అయిపోయాక బయటికొచ్చి బండి స్టార్ట్ చేసి రూమ్‌కి వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు, మామూలుగా అయితే వాడు ఇంటర్వెల్ నుంచే రివ్యూ మొదలెడతాడు.

కొత్త డైరెక్టర్ వెంకటేష్ మహా తీసిన మొదటి సినిమా. కథ జరిగేది వైజాగ్‌లోని కంచరపాలెంలో, నటించినవాళ్లలో చాలామంది ఆ ఏరియా జనాలే, అందుకే ఎవరూ యాక్ట్ చేస్తున్నట్టుండదు, పక్కింట్లో గొడవ జరుగుతుంటే గోడ మీంచి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ నాకో సిగ్గుపడే విషయం ఉంది. వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కంచరపాలెం మెట్టు మీదుగానే బస్సులో తిరిగా, ఒక్కరోజు కూడా దిగలా, కిటికీ పక్కన సీటు దొరికితే నిద్రపోవడమే. అక్కడ ఇన్ని కథలుంటాయని ఎవడనుకుంటాడు.

నాలుగు ప్రేమకథలు. స్కూల్ పిల్లలు సుందరం, సునీత. రౌడీపనులు చేసుకునే జోసెఫ్, బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, రోజూ బురఖాలో వచ్చి క్వార్టర్ కొనుక్కెళ్లే సలీమా, ఆమె కళ్లు తప్ప ఇంకేం కనపడవు వాడికి, ఆ కళ్లకే పడిపోతాడు. సలీమాగా చేసిన ప్రవీణ పరుచూరి గారే ప్రొడ్యూసర్, అమెరికాలో డాక్టరు. నాలుగోది రాజుది, గవర్నమెంట్ ఆఫీసులో అటెండరు, 49 ఏళ్లొచ్చినా పెళ్లి కాలేదు, అదే ఆఫీసుకి ఒడిశా నుంచి రాధ అని ఆఫీసరు వస్తుంది, భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది. ఈ నాలుగూ ఎక్కడ కలుస్తాయో నేను చచ్చినా చెప్పను, చూడనివాళ్లు దయచేసి కామెంట్లు కూడా చదవకుండా చూడండి.

నాకు తగిలింది రాజు కథ. నీకు పెళ్లెందుకవ్వట్లేదని కనపడ్డ ప్రతివాడూ అడుగుతాడు, అదేదో ఊరందరికీ సంబంధించిన విషయం అయినట్టు. హాల్లో జనం నవ్వారు, నేనూ నవ్వా. ఆ నవ్వు మధ్యలో సడెన్‌గా మా పిన్ని గుర్తొచ్చింది.

మా పిన్ని టీచరు, పెళ్లి చేసుకోలేదు, కారణం మేం ఎవరం ఎప్పుడూ అడగలా. అడగలేదంటే మర్యాదకి అనుకునేరు, ఆవిడకో కారణం ఉంటుందనే తట్టలేదు. జోకులు మాత్రం వేసేవాళ్లం, పిన్ని పెళ్లికి నా మనవడు వస్తాడని మా అక్క పెళ్లిలో నేనే అన్నా, ఆవిడా నవ్వింది. సినిమా చూసిన రెండు నెలలకి మా బాబాయ్ కూతురి పెళ్లి. ఫోటోగ్రాఫర్ ఒక్కో ఫ్యామిలీనీ స్టేజీ మీదకి పిలుస్తున్నాడు, జంటలుగా రండి సార్, మేడం ఇటు అని. ప్రతివాళ్లూ పైకెక్కే ముందు మెట్ల దగ్గర ఆగి, చేతిలో ఉన్నది పిన్నికి ఇచ్చి వెళ్తున్నారు. ఆవిడ భుజానికి మూడు హ్యాండ్‌బ్యాగులు, చేతిలో ఎవరిదో పాలసీసా, కాళ్ల దగ్గర రెండు జతల చెప్పులు. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో ప్రతి పెళ్లికీ ఇదే జరుగుతోంది, నాకు కనపడింది మాత్రం ఆరోజే. పోయి బ్యాగులన్నీ నేను తీసుకుని, నువ్వు పైకెళ్లు పిన్నీ అంటే ఏరా ఎవరితో అంది. ఏం చెప్పాలో తెలీలేదు. బ్యాగులు మా తమ్ముడి మొహాన పడేసి నేనే పక్కన నిలబడి ఫోటో దిగా, అందులో నా మెడకి లేడీస్ బ్యాగొకటి ఇంకా వేలాడుతూనే ఉంది.

అలాగని సినిమాలో లోపాలు లేవా అంటే ఉన్నాయ్. మొదట్లో బాగా స్లో, నలుగురి కథలూ మార్చి మార్చి చూపిస్తుంటే కాసేపు ఎవరెవరో అర్థం కాదు. కులం, మతం, దేవుడు గురించి కొన్ని డైలాగులు మరీ పాఠం చెప్పినట్టుంటాయి, సీన్‌లోనే తెలిసిపోయిన విషయాన్ని మళ్లీ నోటితో చెప్పించడం ఎందుకో. ఏడిపించే సంఘటనలు కూడా ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. సలీమాకి ఇంకో పావుగంట ఇవ్వాల్సింది, ఆ పిల్లకి ఏం కావాలో ఆమె నోట ఇంకాస్త వినాలనిపించింది. కొత్త నటులు ఒకట్రెండు చోట్ల బిగుసుకుపోయారు, అది నేనైతే పట్టించుకోలా. స్వీకార్ అగస్తి మ్యూజిక్‌లో ఆశాపాశం పాట గురించి కొత్తగా చెప్పేదేముంది, నా ప్లేలిస్టులో ఉంది కానీ ఆఫీసుకెళ్లేటప్పుడు పెట్టుకోను, ఆ రోజంతా పని సాగదు.

రేటింగ్ అంటే 5 కి 4. రెండున్నర గంటలు ఫోన్ పక్కన పడేసి చూడగలిగితేనే మొదలెట్టండి, అంట్లు తోముకుంటూ చూసే సినిమా కాదిది.

మొన్న సంక్రాంతికి పిన్ని ఇంటికెళ్లి టీవీలో పెట్టా. మొదట్లో అబ్బా ఏం సినిమారా ఇది సాగదీస్తున్నాడు అంది. రాధ వచ్చాక చిక్కుడుకాయలు వలవడం ఆపేసింది. ఆఖర్లో ఆ నాలుగు కథలూ కలిసే సంగతి తెలిసేసరికి పాలు పొంగుతున్నాయేమో అంటూ లేచి వంటింట్లోకి వెళ్లింది, స్టవ్ మీద అసలు గిన్నే లేదు. కాసేపటికి వచ్చి కూర్చుని, ఆవిడ ఆఫీసర్ కదరా, ముందు అతనికి రెండు మంచి చొక్కాలు కొనిపెట్టమను అంది.