జాగ్రత్త: 699కి ‘ఏడాది సినిమాలన్నీ’ అమ్మేవాడి దగ్గర కొనకండి

‘ఈ ఏడాది బెస్ట్ సినిమా ఏది, చెత్త సినిమా ఏది’ అని కొట్టుకునే గ్రూపుల్లో ఉన్నవాళ్ళు ఇది కాస్త చదవండి. 2024 డిసెంబర్ చివర్లో అక్కడ ఒక పోస్టర్ తిరిగింది. అన్ని ఓటీటీలు కలిపి ఏడాదికి 699 మాత్రమే అని. నేను కొన్నాను. మొత్తం 7,689 రూపాయలు చేతి చమురు వదిలింది. 699 పెట్టి కొన్నది అంత ఎలా అయిందో చెప్తాను, ఎందుకంటే అసలు దెబ్బ పడింది కొన్నప్పుడు కాదు.

మా కజిన్స్‌కి ఒక ఆనవాయితీ ఉంది. సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో అందరం కలుస్తాం. భోగి రోజు రాత్రి భోజనాలయ్యాక డాబా మీద చాపలు వేసుకుని, వెళ్ళిపోయిన ఏడాదిలో బెస్ట్ ఏదో చెత్త ఏదో ఓట్లేసి తేలుస్తాం. పెద్ద బావ పెట్టిన రూలు ఒకటే: చూడని సినిమా గురించి నోరెత్తకూడదు, సగం చూసినా చూడనట్టే.

2024 మీద వాదన డిసెంబర్ మధ్యలోనే వాట్సాప్‌లో అంటుకుంది. బావ కల్కి 2898 ఏడీ పక్షం. మహాభారతాన్ని తీసుకెళ్ళి దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాతి కాశీలో పెట్టాలన్న ఊహకే సగం మార్కులు అంటాడు. తమ్ముడికి పుష్ప 2లో జాతర ఒక్కటి చాలు, మిగతా మూడు గంటలు ఉచితం అంటాడు. అక్క ఇద్దరినీ పక్కకు తోసి సత్యం సుందరం పేరు చెప్పింది, ‘ఫైట్ లేకుండా ఏడిపించింది, మీ వాటికి అంత దమ్ముందా’ అని. నేను హను-మాన్ వైపు. జనవరి 12న గుంటూరు కారంతో ఒకే రోజు దిగి, థియేటర్లు సరిగ్గా దొరక్కపోయినా నిలబడింది కదా, అది కూడా లెక్కే.

చెత్త దగ్గరైతే యుద్ధమే. తమ్ముడు కంగువా అన్నాడు, చెవులు చిల్లులు పడ్డాయని. బావ వెంటనే ‘సౌండ్ రెండు పాయింట్లు తగ్గించమని నిర్మాతే థియేటర్లకు చెప్పాడు, ఇంక వాదన దేనికి’ అని అందుకున్నాడు. నా ఓటు మాత్రం భారతీయుడు 2కే. 1996 నాటి మొదటి భారతీయుడు టీవీలో ఎప్పుడొచ్చినా కూర్చుని చూసిన ఇల్లు మాది. తెలియని మనిషి మోసం చేస్తే కోపం వస్తుంది, తెలిసిన మనిషి చేస్తే నొప్పి పుడుతుంది. అది ఆ నొప్పి.

ఇంత నోరున్న నేను ఆ ఏడాది థియేటర్లో చూసినవి ఐదే ఐదు. మందుల షాపులో కౌంటర్ దిగేసరికి రాత్రి పది దాటుతుంది. అందరూ పొగిడే చిన్న సినిమాలు ఒక్కటీ చూడలేదు. పైగా అవన్నీ అప్పట్లో ఒక్కచోట లేవు. లక్కీ భాస్కర్ నెట్‌ఫ్లిక్స్‌లో, ‘క’, కమిటీ కుర్రోళ్ళు రెండూ ఈటీవీ విన్‌లో, 35 చిన్న కథ కాదు ఆహాలో, గామి జీ5లో, కల్కి మళ్ళీ చూద్దామంటే తెలుగులో ప్రైమ్‌లో. ఐదు యాప్‌లకు డబ్బు కట్టడం నా వల్ల కాదు. పుష్ప 2 విడుదల ముందురోజు రాత్రి షో టికెట్ ఒక్కటే ఎనిమిది వందలు దాటింది, దాంతో పోలిస్తే ఏడాది మొత్తానికి 699 అంటే ఎవరి మనసు లాగదు చెప్పండి.

నేను చేసిందల్లా టెలిగ్రామ్‌లో ఒక పెద్ద సినిమా గ్రూపులో ‘35 ఎందులో ఉంది’ అని అడగడం. రెండు నిమిషాల్లో విడిగా మెసేజ్ వచ్చింది. ‘అన్నా, ఐదు యాప్‌లు కాంబో ఉంది, 699, వన్ ఇయర్, ట్రస్టెడ్.’ కింద పది పన్నెండు స్క్రీన్‌షాట్లు. అన్నిట్లోనూ ఎవరో ఒకరు ‘వర్కింగ్ బ్రో, థాంక్యూ’ అంటున్నారు. వాటిని వాళ్ళు ప్రూఫ్స్ అంటారు. తర్వాత ఖాళీగా కూర్చుని ఆ గ్రూపులో వాడి పాత మెసేజ్‌లు నెల రోజులవి వెనక్కి వెళ్ళి చూశాను. సినిమాను పొగిడినవాడికీ ‘కరెక్ట్ బ్రో’, అదే సినిమాను తిట్టినవాడికీ ‘కరెక్ట్ బ్రో’. సినిమా మీద ఒక్క ముక్క సొంత అభిప్రాయం లేదు. ఆ గ్రూపులో ఎవరితోనూ గొడవ పడనివాడు వాడొక్కడే. దానికే అనుమానం రావాల్సింది నాకు.

పోస్టర్లో రెండు లైన్లున్నాయి. ‘లైఫ్‌టైమ్ వారంటీ (6 నెలలు)’ అని ఒకటి. నవ్వుకుని వదిలేశాను. ‘పుష్ప 2 హెచ్‌డీ కూడా ఇందులోనే’ అని రెండోది. అక్కడ నవ్వడం కాదు, ఆగిపోవాలి. 56 రోజుల దాకా ఏ ఓటీటీలోనూ రాదని నిర్మాతలు డిసెంబర్ 20నే ప్రకటించారు. డిసెంబర్ 5 నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నా జనవరి 30. అన్నట్టే ఆ రోజే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మరి డిసెంబర్ 28న వీడి దగ్గర హెచ్‌డీ ఎక్కడిది? అది ఇస్తానన్నవాడు దొంగ ప్రింటైనా ఇస్తాడు, లేదా ఏమీ ఇవ్వడు. ఈ లెక్క డబ్బు పంపిన తర్వాత తట్టింది నాకు.

యూపీఐలో 699 కొట్టాను. ఒక నోట్ పంపాడు. ఐదు మెయిల్ ఐడీలు, ఐదు పాస్‌వర్డ్‌లు. ‘పాస్‌వర్డ్ మార్చొద్దు, ప్రొఫైల్ పేరు మార్చొద్దు, మూడో ప్రొఫైలే వాడాలి’ అని షరతులు.

మొదటి రాత్రి ‘క’ చూశాను. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే ఊరు, ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు విప్పి చదివే పోస్ట్‌మ్యాన్. చాలా నచ్చింది. రెండో రాత్రి 35. అదీ నచ్చింది. సోఫాలో కాళ్ళు చాపుకుని, బావ పని అయిపోయింది ఈసారి అనుకున్నాను.

మూడో రాత్రి లక్కీ భాస్కర్ కోసం నెట్‌ఫ్లిక్స్ తెరిచాను. ప్రొఫైల్స్ వచ్చాయి. మొదటిది ‘అమ్మ’. రెండోది ‘చిన్ను’, పిల్లల బొమ్మతో. మూడోది పేరు లేకుండా ఒక చుక్క, అది నాకిచ్చింది. నాలుగోది ఎవరిదో, తాళం వేసి ఉంది. నా చుక్క లోపలికి వెళ్తే అప్పటికే సగం సగం చూసి వదిలేసిన కొరియన్ సీరియళ్ళు వరుసగా ఉన్నాయి. అంటే ఆ చుక్కని నాలాగే కొన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. అంతకంటే ‘చిన్ను’ అన్న పేరు దగ్గర మనసు చివుక్కుమంది. ఇది ఎవరిదో ఇల్లు. వాళ్ళు తలుపు తీసి నన్ను రమ్మన్నారా, వాళ్ళకు తెలియకుండా వీడు తాళం కొట్టేసి నాకు అమ్మాడా? రెండు రోజుల క్రితమే ఇతరుల ఉత్తరాలు చదివేవాడి సినిమా చూసి మెచ్చుకున్నవాణ్ణి నేను.

అయినా చూశాను, అబద్ధమెందుకు. బ్యాంకు క్యాషియర్ భాస్కర్ అప్పుల్లోంచి బయటపడి, చేతిలో డబ్బు ఆడుతున్న చోట స్క్రీన్ ఆగిపోయింది. ఈ టీవీ మీ ఇంటి అకౌంట్‌లో భాగం కాదు అని మెసేజ్. 2023 జూలై నుంచి మన దేశంలో నెట్‌ఫ్లిక్స్ అకౌంట్ ఒక ఇంట్లో వాళ్ళకే అన్న రూలుంది. టీవీలో కొనసాగాలంటే కోడ్ కావాలి, ఆ కోడ్ అసలు ఓనర్ మెయిల్‌కో ఫోన్‌కో వెళ్తుంది. వీడికి మెసేజ్ పెడితే ‘వన్ మినిట్ అన్నా’ అన్నాడు. ఆ ఒక్క నిమిషం మర్నాడు సాయంత్రం దాకా సాగింది. ఈలోగా పాస్‌వర్డే మారిపోయింది. చిన్ను వాళ్ళ నాన్నో అమ్మో మార్చి ఉంటారు, మంచిపని చేశారు. మిగతా నాలుగు యాప్‌లలో రెండు వారంలోపే పోయాయి.

ఇక్కడితో ఊరుకుని ఉంటే 699తో పోయేది. ఇప్పుడు చెప్పేదే అసలు సంగతి.

డబ్బు వెనక్కి ఇమ్మని గట్టిగా అడిగాను. వాడు అస్సలు గొడవ పడలేదు. ‘తప్పు మాదే అన్నా, సారీ, రిఫండ్ టీమ్ పంపుతుంది’ అన్నాడు. పాపం మంచోడే అనుకున్నాను. షాపులో రద్దీగా ఉన్న టైమ్. ఒక చేతిలో చీటీ, ఎదురుగా నలుగురు, ఎవరికో బీపీ మాత్రలు తీస్తున్నాను. ఫోన్ మోగింది. యూపీఐ యాప్‌లో ఏదో షాపు పేరు మీద రిక్వెస్ట్. కింద నోట్‌లో ‘రిఫండ్ 699’ అని రాసి ఉంది. ‘యాక్సెప్ట్ చేసి పిన్ కొట్టండి అన్నా, ఐదు నిమిషాల్లో ఎక్స్‌పైర్ అవుతుంది’ అని వెనకే వాయిస్ మెసేజ్. కొట్టాను. డబ్బు రాలేదు, పోయింది. వాడు నాకు పంపలేదు, నన్నే అడిగాడు. అడిగింది 699 కూడా కాదు, 6,990. చివరి సున్నా నా కంట్లో పడనే లేదు.

35 సినిమాలో చిన్నపిల్లాడు అడుగుతాడు, సున్నాకి విలువ లేదన్నప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని. నాకు ఆ పాఠానికి ఫీజు 6,291 అయింది.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన దగ్గర్నుంచి వెళ్తోందనే అర్థం. ఇది నాకు తెలియక కాదు. షాపులో రోజుకు వందమంది దగ్గర ఫోన్‌లో డబ్బు తీసుకునేవాణ్ణి, ఒక్కసారీ నా పిన్ కొట్టలేదు. ఐదు నిమిషాల్లో అయిపోతుందని తొందరపెట్టాడు, నేను తొందరపడ్డాను, అంతే. క్యూఆర్ పంపి స్కాన్ చేయమన్నా, ఏదో యాప్ ఫైల్ పంపి వేసుకోమన్నా తోసేది అదే గోతిలోకి. ఆ రెండోది నాకూ పంపాడు, ‘పుష్ప 2 దీంట్లో వస్తుంది’ అని. అదొక్కటి మాత్రం ఎందుకో నొక్కలేదు.

ఇంకో విషయం. టెలిగ్రామ్‌లో అవతలివాడు ఇద్దరికీ పోయేలా చాట్ మొత్తం చెరిపేస్తే మన ఫోన్లోనూ పోతుంది. నేను షాపు కట్టేసి ఇంటికెళ్ళి తెరిచేసరికి చాట్ లేదు. పోస్టర్, ప్రూఫ్స్, వాయిస్ మెసేజ్, అన్నీ మాయం. అదృష్టం కొద్దీ తమ్ముడికి గొప్పలు చెప్పుకోవడానికి మొదటి రోజు తీసిన రెండు స్క్రీన్‌షాట్లు మిగిలాయి. ఎవరితోనైనా గొడవ మొదలైందంటే మీరు తిట్టే ముందు స్క్రీన్‌షాట్ తీయండి.

అదే రాత్రి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఏ టైమ్‌కి, ట్రాన్సాక్షన్ కింద ఉండే పన్నెండంకెల నంబర్, ఇవి అడిగారు. దగ్గర పెట్టుకుని చేస్తే పని తొందరగా అవుతుంది. నేను ఆ నంబర్ వెతుక్కోవడానికే పావుగంట తగలేశాను, అసలు పోయిన వెంటనే చేయాల్సింది షాపు కట్టేదాకా ఆగాను. డబ్బు వాడి ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దాటే లోపు చెప్తేనే ఆపడానికి వీలుంటుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. నెల కావొచ్చినా పెండింగ్ అనే చూపించింది. 699 కొన్న సంగతి కూడా దాచకుండా రాశాను, సిగ్గేసినా. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మనం కొన్నదే అడ్డదారి సరుకు కదా, ఎవరికి చెప్పుకుంటాం అని. వాడి ధైర్యం కూడా అదే.

భోగి రాత్రి డాబా మీద నిజం చెప్పాల్సి వచ్చింది. లక్కీ భాస్కర్ సగమే చూశావు కాబట్టి దాని మీద నీకు ఓటు లేదన్నాడు బావ. ఎందుకు సగమే చూశావని అక్క గుచ్చి గుచ్చి అడిగితే కథంతా బయటికొచ్చింది. వాళ్ళు నవ్విన నవ్వుకి కింద పడుకున్న అమ్మమ్మ లేచింది. తీరా చూస్తే అక్క ఫోన్లో నెట్‌ఫ్లిక్స్ ఉంది, తమ్ముడి రీఛార్జ్‌తో ఒక యాప్ వచ్చింది, బావ దగ్గర ఆహా, మరదలి దగ్గర ఈటీవీ విన్. ఊరంతా తిరిగి ఎవడి దగ్గరో కొన్నది, చాప మీద నా పక్కనే కూర్చుని ఉంది. కనుమ రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ ముందు పెట్టుకుని మిగతా సగం చూశాను. బావుంది. బెస్ట్‌కి దానికే వేసేవాణ్ణి. ఓట్లు భోగికే అయిపోయాయి, చెల్లదన్నాడు బావ.

ఆ తర్వాత ఇంకో సినిమా గ్రూపులో అదే పోస్టర్ కనిపించింది. పేరు మారింది, ఫొటో మారింది, రేటు 599కి దిగింది. అప్పటికింకా థియేటర్లలో ఆడుతున్న ‘సంక్రాంతికి వస్తున్నాం’ సినిమా ‘హెచ్‌డీ కూడా ఇందులోనే’ అట. ‘లైఫ్‌టైమ్ వారంటీ (6 నెలలు)’ మాత్రం అలాగే ఉంది. కింద ఒకబ్బాయి 2025లో మొదటి హిట్ ఇదేనని వాదిస్తుంటే, వీడు ‘కరెక్ట్ బ్రో’ అన్నాడు.