ప్యూర్ ఓఎస్‌తో నాలుగేళ్లు: ల్యాప్‌టాప్ సరే, ఫోనే తేలలేదు

నాలుగేళ్ల కిందట బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నప్పుడు నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ప్యూర్ ఓఎస్ అనే లినక్స్ ఎక్కించాను. ఎక్కించడం అరగంట పని. వైఫై రావడానికి మాత్రం వారం పట్టింది.

దాని పద్ధతే అంత. ప్యూర్ ఓఎస్‌ను డెబియన్ అనే మరో లినక్స్ మీద కట్టారు, కానీ సోర్సు కోడ్ దాచిపెట్టిన ముక్కను దగ్గరికి రానివ్వరు. అందుకే, ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2017లో తాను ఆమోదించిన జాబితాలో దీన్ని చేర్చింది. డెబియన్ కూడా 2023లో 12వ విడుదల నుంచి కాస్త సడలించి, అలా కోడ్ దాచిన ఫర్మ్‌వేర్‌ను, అంటే వైఫై కార్డులాంటి పరికరాల్ని లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌ను, ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తోంది. ప్యూర్ ఓఎస్ వాళ్లు ఇవ్వరు. నా ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు అది లేనిదే కదలదు.

ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్‌కు ఫర్మ్‌వేర్ కూడా ఫ్రీ సాఫ్ట్‌వేరే. సరే అని కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు పోయాను. చిక్కేమిటంటే పేరు అదే, డబ్బా అదే, లోపల చిప్ మాత్రం వెర్షన్‌ను బట్టి మారిపోతుంది. మొదటిది ఇంటికి తెచ్చి పెడితే ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లాను. నా అరకొర కన్నడం విని దుకాణమాయన నవ్వి, "ఏ ఊరు సార్ మీది?" అని తెలుగులోకి దిగాడు. ఆయనది హిందూపురం, నాది మదనపల్లె. కౌంటర్ మీదే ఒక్కొక్కటీ గుచ్చి చూస్తే నాలుగోది పలికింది. అది 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. రాత్రి ఎనిమిది దాటి అపార్ట్‌మెంట్‌లో అందరి రూటర్లూ అక్కడే మూగితే వీడియో కాల్ నత్తనడకే.

ఆ తర్వాత పెద్ద కథేం లేదు. ఖాతా తెరవమనదు, ఫోన్ నంబరు అడగదు, మెనూలో ప్రకటనలు పెట్టదు. ప్రోగ్రాములు కొంచెం పాత వెర్షన్లే ఉంటాయి, నాకు అడ్డం కాలేదు. తెలుగు టైపింగ్‌కు ఐబస్ అనే ప్రోగ్రాములో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్ ఉంది. పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీగా దొరుకుతాయి. ఒత్తులు విరగవు, అది చాలు నాకు.

పాస్‌వర్డ్ లేనిదే ఫైళ్లు చదవనివ్వని డిస్కు ఎన్‌క్రిప్షన్ విలువ మాత్రం ఒకరోజు బాగా తెలిసొచ్చింది. స్క్రీన్ పగిలి రిపేరుకిస్తే అక్కడి కుర్రాడు "పాస్‌వర్డ్ రాసివ్వండి" అన్నాడు. స్క్రీన్ మార్చడానికి పాస్‌వర్డ్ ఎందుకయ్యా? పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తే స్క్రీన్ బాగైనట్టే అని చెప్పి వచ్చేశాను. విండోస్ రోజుల్లో అయితే చీటీ మీద రాసిచ్చి వచ్చేవాణ్ణి.

ఇక ఫోన్. ఇదే ఓఎస్‌తో నడిచే లిబ్రెమ్ 5 అనే ఫోన్‌ను స్నేహితుడు పది రోజులు వాడుకోమని ఇచ్చాడు. పక్కన మూడు మీటలు: ఒకటి వైఫై, బ్లూటూత్‌లకు, ఒకటి మొబైల్ నెట్‌వర్క్‌కు, ఒకటి కెమెరా, మైకులకు. జరిపితే ఆ భాగానికి కరెంటే ఆగిపోతుంది, సాఫ్ట్‌వేర్ మాటమీద ఆధారపడనక్కర్లేదు. మానిటర్, కీబోర్డు తగిలిస్తే కంప్యూటరైపోతుంది కూడా. ముచ్చటేసింది. కానీ యూపీఐ యాప్‌లు తయారయ్యేది ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, ఇడ్లీ తిని క్యూఆర్ కోడ్ ముందు నిలబడితే మూడు మీటలూ ఏం చేస్తాయి? ఆ స్నేహితుడి జేబులో చిల్లర గలగలలాడేది ఎందుకో అప్పుడర్థమైంది. మా అమ్మకైతే వాట్సాప్‌లో కనబడకపోతే "ఏమైనాడో ఏమో" అని టెన్షన్. ఫోన్ తిరిగిచ్చేశాను. ఇప్పుడు నాది మామూలు ఆండ్రాయిడే. బ్యాంకు, వాట్సాప్ అందులో, మిగతాదంతా ల్యాప్‌టాప్‌లో.

మొన్న స్పేరుగా ఇంకో డాంగిల్ కోసం ఎస్పీ రోడ్డుకు వెళ్తే హిందూపురమాయన నన్ను చూడగానే అడిగాడు: "ల్యాప్‌టాప్ తెచ్చారా సార్?"