సూర్యలంక, నాగాయలంక, హంసలదీవి: మిర్యాలగూడ నుంచి పోతే ఏది బాగుంటది

మా మిర్యాలగూడోళ్లకు బీచ్ అంటే సూర్యలంకే. వాడపల్లి బ్రిడ్జి దాటి పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగ బాపట్ల పోవుడే. ఈసారి మా బావోళ్లు కూడ వస్తే, ఆడితోని ఆగకుండ కృష్ణ సముద్రంల కలిసే కాడిదాంక పోదామనుకున్నం.

సూర్యలంకల టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఒడ్డుకే ఉంటది, రూం దొరికితే అదే తీసుకోండి. మాకు దొరకలే, ఒక ప్రైవేటు లాడ్జిల దిగినం. రొయ్యల ఇగురు మస్తుగుంది గానీ తిన్న ప్లేట్లు, గ్లాసులు అన్నీ వెనక సరుగుడు తోపులనే పారేస్తున్నరు, రాత్రంత ఫ్లడ్‌లైట్లు సముద్రం దిక్కే. చలికాలం పోయేముందు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలనే ఇసుక తవ్వి గుడ్లు పెడతయి, 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తయి, వచ్చినంక వెలుగున్న దిక్కు పాకుతయి. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రం మీదనే ఉండేది, ఇప్పుడు లాడ్జి కాడ గూడ ఉంది మరి. సముద్రం పోటు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాంక సీఆర్‌జెడ్ రూల్స్, అంటే తీరాన్ని కాపాడే కేంద్రం రూల్స్, 1991 నుంచే ఉన్నయి, 2019ల మార్చిన్రు, ఏం కట్టొచ్చు ఏం కట్టొద్దు అని అండ్ల ఉంది సరే, తోపుల ప్లేట్లు ఎవరేరాలె?

రేపల్లె నుంచి పెనుమూడి వారధి దాటితే అవనిగడ్డ. రూములు మామూలే, ఏసీ నడిచింది, చాలు.

నాగాయలంక మాత్రం పైసా వసూల్. మడ అడవిలకు పోవాల్నంటే ఫారెస్ట్ వాళ్లను ముందే అడుగుకోవాలె. బురదలకెళ్లి మేకుల్లెక్క పైకి లేచిన వేళ్లు చూసి మా పిల్లలు ఎవరు నాటిన్రని అడిగిన్రు, అవి ఆ చెట్లు ఊపిరి తీసుకునే వేళ్లు. సముద్రం రొయ్యలు, పీతలు చిన్నగున్నప్పుడు ఆ వేళ్ల సందులనే పెరుగుతయి. పడవాయన "మడ ఉన్నచోట కెరటం విరిగిపోద్దండి, 77 ఉప్పెనప్పుడు చూసినోళ్లు చెప్పేవోరు" అన్నడు. దివిసీమల 1977 నవంబర్ 19 గురించి ఎవరిని కదిలించినా ఒక కథుంటది, మా బావ అయితే ఆడికెళ్లి లేవనే లేదు.

హంసలదీవి గుడి దగ్గర దర్శనం చేసుకొని సంగమం కాడికి పోయినం. చూడనీకి బాగుంటది, స్నానానికి దిగొద్దు, చీకటి పడకముందే వెనక్కి రావాలె, తిండి ఎంటనే పెట్టుకోండి. ఆడ ఒక పెద్దాయన తన చిన్నప్పుడు ఒడ్డు ఇంకా లోపలికుండేదని నీళ్ల దిక్కు చెయ్యి చూపించిండు. నది తెచ్చిన ఒండ్రుతోనే డెల్టా నిలబడ్డది, ఆ ఒండ్రు ఎక్కువ భాగం శ్రీశైలంల, మన సాగర్‌ల ఆగిపోతుంటే కింద ఒడ్డు కోసుకపోకుండ ఎట్లుంటది? సాగర్ గేట్లెత్తిన్రంటే ఉరికిపోయి సెల్ఫీలు దిగుడే తప్ప ఇది మనకెప్పుడు తట్టింది? ఒండ్రు ఆపినం గానీ సాగర్ దిగువన వాడపల్లి కాడ మూసీ తెచ్చే హైదరాబాద్ మురికినైతే ఆపలే.

మళ్లీ పోతే నాగాయలంకకే ఎక్కువ టైం ఇస్త, సూర్యలంకల చాయ్ తాగి కదులుత. చేపల కోసమే పోయేటోళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాంక పోకండి, మోటరు బోట్ల వేట బంద్ ఉంటది, ప్లేట్ల వచ్చేది చాలమట్టుకు ఐసు పెట్టెల సరుకే.