ప్రయోగమా, ఇంటింటి సర్వేనా?

పేద దేశాల్లో ఏ పథకం మీద చర్చ నడిచినా రెండు రకాల ఆధారాలు ముందుకొస్తాయి. కొన్ని ఊళ్లలో పథకం అమలుచేసి, కొన్నిట్లో ఆపి తేడా చూసే ప్రయోగం ఒకటి, దేశమంతా ఇల్లిల్లూ తిరిగి అడిగే సర్వే ఇంకొకటి.

ప్రయోగం బలమంతా సూటిగా జవాబివ్వడంలోనే ఉంది. మెక్సికోలో 1997లో ప్రోగ్రెసా మొదలైంది. పిల్లల్ని బడికి పంపితే తల్లుల చేతికి డబ్బిచ్చే ఈ పథకాన్ని 506 ఊళ్లు తీసుకుని, 320 చోట్ల ముందు, 186 చోట్ల ఆలస్యంగా ఇచ్చి చూశారు. హైస్కూల్లో చేరేవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, పెరిగారని తేలింది. 2000లో అధికారం చేతులు మారినా పథకం పేరు మారిందే తప్ప ఆగలేదు, చేతిలో ఉన్న ఈ లెక్కలు దానికి బాగా అండగా నిలిచాయి. అయితే ఆ 186 ఊళ్లలో ఉన్నదీ పేదవాళ్లే, వాళ్లను అలా ఆగమనడం నాకు ఇబ్బందిగానే అనిపిస్తుంది.

సర్వే ఏ పథకం పనిచేస్తుందో తేల్చదు, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో చూపిస్తుంది. ప్రశ్న అడిగే తీరు మారితే మాత్రం పేదల సంఖ్యే మారిపోతుంది. భారత్‌లో 1999-2000 సర్వేలో తిండి ఖర్చును గడిచిన 7 రోజులకూ గడిచిన 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు, దాంతో పాత లెక్కలతో పోల్చొచ్చా లేదా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

అయినా ఒక్కటే ఎంచుకోమంటే నేను సర్వేనే అంటాను. మన దేశంలో ఇళ్ల ఖర్చులు అడిగే 2017-18 వినియోగ సర్వే ఫలితాలను ప్రభుత్వం పక్కన పెట్టేసరికి, 2022-23 సర్వే వచ్చేదాకా పేదరికం మీద చర్చంతా 2011-12 అంకెలూ అంచనాలతోనే నడిచింది.