రాస్ప్‌బెర్రీ పై 2లో కార్డు సాకెట్ మార్చిన మూడేళ్ళకు

2015లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 2 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో మైక్రో ఎస్‌డీ కార్డును ఒకసారి నొక్కితే లోపల కుదురుకుంటుంది, మళ్ళీ నొక్కితే బయటికి వస్తుంది. నా బోర్డులో ఆ స్ప్రింగు పాడై కార్డు నిలవకుండా జారిపోయేది. నడిపించే సాఫ్ట్‌వేర్ అంతా కార్డులోనే ఉంటుంది, అది లేనిదే ఈ బోర్డు మొదలే కాదు కనుక కొన్ని నెలలు రబ్బరు బ్యాండు చుట్టి నెట్టుకొచ్చి, చివరికి సాకెట్‌నే మార్చాను. అది జరిగి మూడేళ్ళు దాటింది.

మొదటి పొరపాటు కొనడంలోనే జరిగింది. ఎనిమిది కాళ్ళే కదా, ఏదైనా సరిపోతుందనుకుని హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికినది తెచ్చాను. పాతది ఊడదీశాక పెట్టి చూస్తే 1.1 మిల్లీమీటర్ల దూరంలో ఉండే కాళ్ళు సరిగ్గానే కూర్చున్నాయి గానీ, లోహపు కవచాన్ని పట్టి ఉంచే మూల ట్యాబులు బోర్డు మీది ప్యాడ్ల (టంకం వేసే రాగి బిళ్ళల) మీదికి రాలేదు. కార్డును నొక్కే బలాన్ని భరించేవి ఆ ట్యాబులే కనుక దానిని పక్కన పెట్టి, ఊడదీసిన సాకెట్‌ను వెర్నియర్ కొలత పరికరంతో కొలిచి, తయారీదారు కొలతలిచ్చే డేటాషీట్ బొమ్మతో పోల్చుకుని మరొకటి తెప్పించాను.

అసలు కష్టమంతా ఊడదీయడంలోనే ఉంది. ట్యాబులు బోర్డులోని గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్ళే దారి) రాగి పొరకు అతికి ఉండటం వల్ల వేడినంతా అది పీల్చేస్తుంది. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందులో 183 డిగ్రీలకే కరిగే 63/37 సీసపు తీగను కలిపి, టంకం బాగా పారేలా చేసే ఫ్లక్స్ ధారాళంగా పూసి, చుట్టూ వేడిని తట్టుకునే కాప్టన్ టేపు అంటించి, వేడి గాలి ఊదే హాట్ ఎయిర్ పరికరాన్ని తిప్పాను. పట్టకారుతో కదిలించి చూడాలే తప్ప లాగకూడదని తెలిసి కూడా ఒక్క క్షణం తొందరపడ్డాను. ఒక మూల ట్యాబు ప్యాడ్ సగం లేచిపోయింది. అదృష్టవశాత్తూ అది సిగ్నల్ ప్యాడ్ కాదు కనుక తరువాత ఎపాక్సీ జిగురుతో అతికించాను.

కొత్తదాన్ని ప్లాస్టిక్ కరగకుండా, హాట్ ఎయిర్ వాడక, సోల్డరింగ్ ఐరన్‌తోనే అతికించాను. ముందు ఒక మూల అంటించి, వరుస సరిచూసుకుని, తరువాత కాళ్ళకు టంకం వేశాను. కరెంటు ఇచ్చే ముందు 3.3 వోల్టుల కాలు గ్రౌండుకు షార్ట్ కాలేదని మల్టీమీటర్‌తో చూసుకున్నాను.

రెండో ఏడాది ఒకసారి కరెంటు ఉన్నట్టు చూపే ఎర్ర లైటు వెలుగుతున్నా, కార్డును చదువుతున్నట్టు చూపే ఆకుపచ్చ లైటు మిణుకుమనలేదు. కార్డును అనుమానించి రెండు రోజులు వృథా చేశాక, భూతద్దంలో చూస్తే ఆరో కాలు, అంటే గ్రౌండు కాలు, డ్రై సోల్డర్ అయి, అంటే టంకం సరిగ్గా అతకక, కనిపించింది. రాగి పొర వేడిని లాగేయడంతో అక్కడ టంకం సరిగ్గా పారలేదన్నమాట. ఫ్లక్స్ పూసి మళ్ళీ కరిగించాక ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

హాట్ ఎయిర్ ఉన్నవారికి ఈ పని చేయదగినదే. ఐరన్ ఒక్కటే ఉంటే నేను పూనుకోను. 2016లో పై 3కి వచ్చేసరికి స్ప్రింగు తీసేసి, కార్డును నేరుగా దూర్చే సాకెట్ పెట్టడం నా దృష్టిలో సరైన నిర్ణయం. నా బోర్డులో కొత్త స్ప్రింగు ఇంకా గట్టిగానే పడుతోంది, ఎపాక్సీ పెట్టిన మూల కదలలేదు. అయినా కార్డు తీసే ప్రతిసారీ ఆ మూలకు వేలు అడ్డుపెట్టే అలవాటు మాత్రం పోలేదు.