బెంగళూరులో టేస్టింగ్ మెనూ: శాకాహారికీ అదే రేటా?

బెంగళూరులో ఒక రెస్టారెంట్‌లో టేస్టింగ్ మెనూ, అంటే వాళ్లు ఎంచిన వంటకాలను వరసగా కొంచెం కొంచెం వడ్డించే పదకొండు కోర్సుల భోజనం, మనిషికి 5,800 రూపాయలు. మాంసాహారానికీ అంతే, శాకాహారానికీ అంతే. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టే రాస్తున్నాను. కానీ అదే రాత్రి అక్కడ తాగిన చారు లాంటిది నేను ఇంకెక్కడా తాగలేదు. అది కూడా చెప్పి తీరాలి.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కాచిగూడలో తెల్లవారుజామున వందేభారత్ ఎక్కి మధ్యాహ్నానికి యశ్వంత్‌పూర్‌లో దిగాం. మల్లేశ్వరంలో రూము 2,400, శుభ్రంగా ఉంది. మా పెళ్లిరోజని బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఈ రెస్టారెంట్ బుక్ చేశాడు. మనిషికి 2,000 అడ్వాన్సు, 48 గంటల ముందు రద్దు చేసుకోకపోతే తిరిగి రాదు. "మా అక్క గుడ్డు కూడా ముట్టదు" అని వాడు బుకింగ్‌లోనే రాశాడు, సరేనని జవాబూ వచ్చింది.

మొదట చెంచాలో ఒక తెల్లటి ఉండ తెచ్చారు, గుడ్డులో పచ్చసొనంత ఉంటుంది. నమలొద్దని, నాలుక మీద పెట్టుకుని నోరు మూసుకోమని వడ్డించే అమ్మాయి చెప్పింది. పైపొర చిట్లగానే నోరంతా చల్లటి మజ్జిగ, ఆ వెనకే ఇంగువ, పచ్చిమిర్చి ఘాటు. మా తమ్ముడికి ఇలాంటివంటే ప్రాణం. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కలిపిన నీళ్లలోకి పెరుగును చెంచాతో జారవిడిస్తే, పెరుగులోని కాల్షియం వల్ల చుట్టూ పలుచని పొర కడుతుందట, లోపలిది మాత్రం జారుగానే ఉండిపోతుంది. స్పెయిన్‌లో 2011లో మూతపడిన ఎల్ బుల్లి అనే రెస్టారెంట్‌లో షెఫ్ ఫెరాన్ ఆద్రియా బృందం పేరు తెచ్చిన పద్ధతి ఇది. అక్కడ పని నేర్చుకున్న మన కోల్‌కతా షెఫ్ గగన్ ఆనంద్, బ్యాంకాక్‌లో తన రెస్టారెంట్‌లో పెరుగుతోనే ఇది చేసి ప్రపంచాన్ని రప్పించుకున్నాడు. అంతవరకు ముగ్గురం సంతోషంగానే ఉన్నాం.

నాలుగో కోర్సు దగ్గర తేడా మొదలైంది. మావారికి, తమ్ముడికి గోంగూర సాస్‌లో పెద్ద రొయ్య. నాకు అదే పళ్లెం, అదే సాస్, రొయ్య ఉండాల్సిన చోట కాలీఫ్లవర్ ముక్క. తర్వాత వాళ్లకు కౌజు పిట్ట వచ్చింది, నాకు పుట్టగొడుగు. ఆ తర్వాత గంటల తరబడి ఉడికించిన మటన్ వాళ్లకు, నాకు మళ్లీ పుట్టగొడుగే! కింద ఉన్న ముదురు రంగు గ్రేవీ చూసి అనుమానం వచ్చి, ఇది మాంసం ఉడికించిన నీళ్లతో చేసిందా అని అడిగాను. ఆ అబ్బాయికి తెలియదు. వంటగదిలోకి వెళ్లి పది నిమిషాల తర్వాత వచ్చి కూరగాయల స్టాకే అన్నాడు. ఈలోపు పళ్లెం చల్లారిపోయింది, వేడి చేసి ఇస్తామని కూడా అనలేదు. శాకాహారం కావాలని రోజుల ముందే చెప్పిన మనిషి బల్ల దగ్గరకు, పళ్లెంలో ఏముందో తెలియని వాణ్ని ఎలా పంపిస్తారు?

రుచి బాగోలేదని కాదు నా బాధ. మాంసం తీసేసి ఆ ఖాళీలో ఏదో ఒకటి పెడితే శాకాహారం అయిపోతుందా? పనసపొట్టులో ఆవ పెట్టి చేస్తాం, కందా బచ్చలి చేస్తాం, గుత్తివంకాయ చేస్తాం. వీటిలో దేనికీ మాంసం లోటు ఉండదు. దక్షిణాది వంటతో ప్రయోగాలు చేస్తున్నామని చెప్పుకునే చోట ఒక్క పనసపొట్టు కూడా గుర్తురాలేదంటే, శాకాహార మెనూ మీద ఎవరూ మనసు పెట్టలేదనే అర్థం. మావారు పాపం తన రొయ్య రుచిగా ఉందని చెప్పడానికి కూడా మొహమాటపడ్డారు.

మధ్యలో గాజు మూత కింద తెల్లటి పొగతో ఇంకో పళ్లెం వచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుంది. 2024లో ఇదే బెంగళూరులో, ఒక పెళ్లిలో లిక్విడ్ నైట్రోజన్ వేసిన పాన్ తిని పన్నెండేళ్ల పాపకు కడుపులో రంధ్రం పడింది. అది మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, పూర్తిగా ఆవిరైపోకముందు నోట్లోకి వెళ్లకూడదు. మాకు వచ్చింది అది కాదు, చెక్క పొట్టు కాల్చి పట్టిన పొగ మాత్రమే. అయినా పొగ ఏదైనా సరే, అడిగి తెలుసుకున్నాకే తినండి, పిల్లలు వెంట ఉంటే మరీను.

ఇక చారు. సన్నటి గాజు గ్లాసులో లేత బంగారు రంగు ద్రవం పోసి ఇచ్చారు. అడుగున గ్లాసు పట్టుకున్న వేలి గీతలు కనిపిస్తున్నాయి, అంత తేటగా ఉంది. టమాటాలను ఉప్పుతో నలిపి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తారట. పిండకూడదు, పిండితే గుజ్జు దిగి ఎరుపు వచ్చేస్తుంది. దానంతటదే బొట్టు బొట్టుగా దిగిన నీళ్లలో మిరియాలు, జీలకర్ర, ధనియాలు వేసి నానబెట్టి, వడకట్టి, వెచ్చచేసి ఇస్తారు. ఎర్రదనం లేదు, మడ్డి లేదు, పప్పుకట్టు లేదు. కళ్లకు నీళ్లలా ఉంది, నోటికి మాత్రం మా అమ్మమ్మ కుంపటి మీద పెట్టిన చారు. గ్లాసు దించేసరికి తమ్ముడు నా మొహమే చూస్తున్నాడు. "ఇప్పుడు చెప్పక్కా" అన్నాడు. మూడు గంటల భోజనంలో నా కోపం పూర్తిగా మాయమైంది ఆ కాసేపే.

చివర్లో పన్నాకోటా వచ్చింది, మీగడతో జెల్లీలా గట్టిపరిచే ఇటలీ స్వీటు. ఇందులో జెలటిన్ ఉందా అని అడిగాను. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు, శాకాహారులు తప్పకుండా అడగాలి. ఈసారి షెఫ్ స్వయంగా వచ్చి, సముద్రపు నాచు నుంచి తీసే అగర్‌తో చేశామని చెప్పాడు. మర్యాదగా మాట్లాడాడు, అందుకే పుట్టగొడుగుల సంగతి కూడా ఆయనతోనే అన్నాను. తల ఊపాడు గానీ ఏమీ అనలేదు.

బిల్లు 20,097. అందులో 1,740 సర్వీస్ ఛార్జి! వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే దీన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించింది. తీసేయమంటే మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ తీసేశాడు. ముగ్గురి భోజనం 17,400 మీద 5 శాతం జీఎస్టీ కలిపి 18,270 అయింది, అడ్వాన్సు పోను 12,270 కట్టాం. రూము అద్దె 7,500 దాటే స్టార్ హోటళ్లలోని రెస్టారెంట్లలో ఈ జీఎస్టీ 18 శాతం ఉంటుంది, అది లెక్కలో పెట్టుకుని వెళ్లండి. వంటకాలకు జోడీగా 1,800 పెట్టి కొనమన్న జ్యూసులు మేం వద్దన్నాం, ఏ లోటూ తెలియలేదు.

మర్నాడు పొద్దున లాల్‌బాగ్ దగ్గర ఎమ్‌టీఆర్ అనే పాత టిఫిన్ హోటల్‌లో రవ్వ ఇడ్లీ తిన్నాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క వాళ్లు రవ్వతో చేసి చూసిన ఇడ్లీ అది. జీడిపప్పు, కొత్తిమీర, పక్కన సాగు అనే బంగాళదుంప కూర. ఇందులో ఎవరి ముక్కా తీసేసి నాకు పెట్టలేదు. రాత్రి ముభావంగా ఉన్న మావారు ఇంకో ప్లేటు చెప్పారు.

మాంసాహారులైతే, ఏడాదికో పండగలా ఒకసారి వెళ్లొచ్చు, మావారికి డబ్బు దండగ అనిపించలేదు. శాకాహారులైతే మాత్రం అడ్వాన్సు కట్టేముందే శాకాహార మెనూ మొత్తం రాతలో పంపమనండి. రెండు మెనూలూ పక్కపక్కన పెట్టి చూడండి. మాంసం పేరు కొట్టేసి పుట్టగొడుగు అని రాసి ఉంటే డబ్బు కట్టకండి. చారు ఒక్కటీ విడిగా అమ్ముతారేమో అని మా తమ్ముడితో ఫోన్ చేయించాను. అమ్మరట.