హన్మకొండలో వాకర్లు, చక్రాల కుర్చీలు కిరాయికిచ్చే దుకాణం

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మా బాపు ఇంటికి వచ్చేసరికి వాకరు, చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ మూడూ అవసరమయ్యాయి. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గల్లీలో ఇటువంటి సామాను అమ్మడంతో పాటు నెలవారీ కిరాయికీ ఇచ్చే దుకాణం ఉంది. తప్పులు కూడా చెప్పవలసి ఉన్నందున పేరు రాయడం లేదు.

ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది కొలతల విషయంలో వారు చూపే శ్రద్ధ. సామాను దింపడానికి యజమానే స్వయంగా వచ్చి, బాపును ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచం పక్కన నిలబెట్టించి, "కాకా, చేతులు వదులుగా కిందికి వదిలెయ్యండి" అని, మణికట్టు మడత దగ్గరికి వాకరు పిడి వచ్చేట్టు నాలుగు కాళ్లనూ రెండు రంధ్రాల మేర తగ్గించారు. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి 15 నుంచి 30 డిగ్రీల దాకా వంగాలని, పిడి ఎత్తయితే భుజాలు పైకి లేస్తాయని, పొట్టిదైతే మనిషి ముందుకు వంగిపోతాడని వివరించారు. ముందు వాకరు, తరువాత ఆపరేషన్ అయిన కాలు, ఆపైన బాగున్న కాలు అన్న వరుసను మా ఫిజియోథెరపిస్టు కూడా తరువాత అదే విధంగా నేర్పించారు. ముందు చక్రాలున్న వాకరు చూడ్డానికి సులువుగానే ఉంటుంది కానీ, గది గదికీ గడప ఉన్న మా పాత ఇంట్లో అది ప్రతిసారీ తట్టుకుంటుందని చెప్పి, ఖరీదు తక్కువైన మామూలు వాకరునే ఇచ్చారు. ఎక్కువ ధరది అంటగట్టని వ్యాపారి దొరకడం ఈ రోజుల్లో విశేషమే.

చక్రాల కుర్చీ విషయంలో మాత్రం ఆ శ్రద్ధ కనిపించలేదు. 18 అంగుళాల సీటున్న కుర్చీ, చక్రాలతో కలిపి మా స్నానాల గది తలుపు కంటే వెడల్పయింది. వచ్చినవారు టేపు పట్టి ఆ తలుపును ఒక్కసారి కొలిచి ఉంటే కుర్చీని తిప్పి పంపే పని ఉండేది కాదు. కుడి వైపు బ్రేకు వదులుగా ఉండి, మంచం మీది నుంచి కుర్చీలోకి మారేటప్పుడు కుర్చీ వెనక్కి జరిగింది. ఫోన్ చేస్తే మరుసటి రోజు వేరే కుర్చీ తెచ్చిచ్చినా, కిరాయి సామానును పంపే ముందే పరీక్షించడం వారి బాధ్యత.

ర్యాంపు పేరుతో వారు అమ్మే చెక్క పలకను నేను సిఫారసు చేయను. ప్రమాణాల ప్రకారం వాలు 1:12 ఉండాలి. అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున, ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు కావాలి. వారి పలక అందులో సగమే ఉంటుంది. అంత నిటారు పలక మీద నుంచి కుర్చీని దించడం తోసేవారికీ ప్రమాదమే. పైగా ఆ దుకాణానికే మూడు మెట్లున్నాయి, పక్కన ర్యాంపు లేదు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి చక్రాల కుర్చీ కొనుక్కోవడానికి రోడ్డు మీదే ఆగిపోవలసి వస్తుంది.

నా అభిప్రాయంలో కుర్చీని కిరాయికి తీసుకుని, వాకరును కొనుక్కోవడం మంచిది. వాకరు చాలా నెలలు వాడవలసి వస్తుంది, దాని కాళ్ల కింది రబ్బరు బుష్‌లు అరిగిపోతే తడి బండల మీద జారుతుంది. విడి బుష్‌లు ఇక్కడే దొరుకుతాయి. శాశ్వత వైకల్యం ఉన్నవారు మాత్రం కిరాయి కట్టే ముందు, వైకల్య ధ్రువపత్రంతో కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద ఉపకరణం దొరుకుతుందేమో విచారించుకోవాలి.

వెళ్లేవారు ఇంటి తలుపుల వెడల్పు, మంచం ఎత్తు కాగితం మీద రాసుకుని వెళ్లాలి. పక్కకు తీయగలిగే చేతులున్న కుర్చీ కావాలని ముందే అడగాలి, అడగకపోతే ఇవ్వరు. డిపాజిట్ రసీదు మీద కుర్చీ స్థితిని కూడా రాయించుకోవాలి.